లో లెవెల్ అంటే తక్కువ స్థాయా? 8051 అసెంబ్లీ మీద టైమ్ పెట్టాలా, నేరుగా పైథాన్‌కి వెళ్లాలా?

ఎర్రమిర్చి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. అడగబోయేది చిన్న విషయంలా అనిపించొచ్చు కానీ నెల రోజులుగా నన్ను వదలడం లేదు.

ఈ సెమిస్టర్‌లో మాకు 8051 అనే మైక్రోకంట్రోలర్ (చిన్న యంత్రాలను నడిపే చిప్) ల్యాబ్ ఉంది. కిట్ మీద ఉండే హెక్స్ (పదహారు ఆధారంగా అంకెలు రాసే పద్ధతి) కీప్యాడ్‌తోనే కోడ్ ఎక్కించాలి. మొన్నటి ప్రయోగం 25కి 16 కలపడం. ముందు రికార్డులో అసెంబ్లీ (యంత్రం నంబర్లకు బదులు పొట్టి పేర్లతో రాసే భాష) రాసుకుని, టేబుల్ చూసి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ పక్కన దాని నంబరు వేసుకుని, 74, 19, 24, 10 అని వరసగా నొక్కాను. 74 అంటే అక్యుములేటర్‌లో (చిప్ లెక్క చేసుకునే చోటు) ఈ అంకె పెట్టు అని, 24 అంటే దానికి ఈ అంకె కలుపు అని. మన 25ని హెక్స్‌లో 19 అని, 16ని 10 అని రాస్తారు కదా. జవాబు 29 వచ్చింది, అంటే మామూలు లెక్కలో 41. మొత్తానికి ఇరవై నిమిషాలు పట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చాక మా పక్కింట్లో ఉండే సీఎస్‌ఈ ఫ్రెండ్‌కి చెప్పాను. తను ఫోన్‌లోనే పైథాన్ తెరిచి అదే కూడిక ఒక్క లైనులో చేసి చూపించింది. "మీది లో లెవెల్, మాది హై లెవెల్" అంది. సరదాకే అంది. కానీ నాకు గుచ్చుకుంది. టెక్స్ట్‌బుక్ చూస్తే "దిగువ స్థాయి భాష యంత్రానికి దగ్గర, ఉన్నత స్థాయి భాష మనిషికి దగ్గర" అని రెండు కాలమ్‌ల్లో తేడాలు రాసి ఉన్నాయి. పరీక్షలో అదే రాస్తాను. కానీ పని చేసేటప్పుడు ఆ తేడా ఎక్కడ తగులుతుందో అందులో లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్. రాత్రి డ్యూటీలో గంటకోసారి ఒక్కో చాంబర్‌లోకి వెళ్లి థర్మామీటర్ చూసి రిజిస్టర్‌లో రాస్తారు. బయట ఉక్కపోత, లోపల చలి. అటూ ఇటూ తిరిగి మోకాళ్లు పట్టేస్తున్నాయని తెల్లారి ఇంటికొచ్చాక అమ్మతో చెబుతుంటే విన్నాను. అందుకే మినీ ప్రాజెక్టుగా టెంపరేచర్ తనంతట తనే రాసుకునే పెట్టె చేద్దామనుకుంటున్నాను. డీహెచ్‌టీ22 అనే టెంపరేచర్ సెన్సర్ కొన్నాను. ఆర్డ్యునో ఊనో అనే చిన్న చిప్ బోర్డు ఉంది. ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు కొంటే పైథాన్‌లోనే రాయొచ్చు అంటున్నారు. దేంతో చేయాలి? అసెంబ్లీ మీద పెట్టిన టైమ్ అంతా వృథాయేనా? చేతులతో పని చేసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

బ్రాడీపేట_కోడర్

చెల్లీ, నేను పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇప్పుడు గుంటూరులో ఇంటి నుంచే పని. నా మాటగా చెప్పమంటే, ఈఎస్‌పీ32 కొని పైథాన్‌తో మొదలుపెట్టు.

కారణం చెబుతాను. హై లెవెల్ భాషలో నీకు ఏం కావాలో చెప్తావు. అది మెమరీలో ఎక్కడ ఉండాలి, ఏ రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలి చిన్న గూడు) రావాలి, పని అయ్యాక ఆ చోటు ఎవరు ఖాళీ చేయాలి, ఇవన్నీ భాషే చూసుకుంటుంది. నేను మా బాబాయి ఎరువుల షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. బస్తాలు, ధర, పన్ను, ఏ రైతు ఎంత బాకీ. రెండు ఆదివారాల్లో అయిపోయింది. దాన్నే అసెంబ్లీలో రాయమంటే రైతు పేరు దాచడానికి ఎన్ని బైట్లు కావాలన్న దగ్గరే ఒక ఆదివారం పోయేది. మీ నాన్నగారి నొప్పి తగ్గాలంటే పెట్టె తొందరగా తయారవ్వాలి కదా. దానికి ఏది తొందరగా అయితే అదే మంచిది.

పైథాన్‌లో అంకె ఎంత పెద్దదైనా భయం లేదు. 2ని వందసార్లు గుణించినా ఒక్క అంకె తప్పకుండా మొత్తం చూపిస్తుంది. దానికి ఖర్చు ఉంది, ఒప్పుకుంటాను. 64 బిట్ కంప్యూటర్ మీద మామూలు పైథాన్‌లో 5 అనే చిన్న అంకె కూడా 28 బైట్లు తీసుకుంటుంది. కానీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ఉన్నప్పుడు ఆ 28 గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కింద ఏముందో అసలు తెలియకపోయినా ఫర్వాలేదు అనుకోకు. ఆ బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో మొదటి నెల చివర పైసల లెక్క తేలలేదు. మా బాబాయి కాల్‌క్యులేటర్‌తో కూడితే ఒకటి, నా ప్రోగ్రామ్ కూడితే ఇంకొకటి. రాత్రంతా కూర్చున్నాను. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడు. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. మనకు పదో వంతు చక్కటి అంకె. బైనరీలో (0, 1తోనే రాసే కంప్యూటర్ లెక్క) మాత్రం అది మనకు మూడో వంతు లాగా, ఎక్కడా ముగియదు. ప్రాసెసర్ దాన్ని దగ్గరి అంకెకి సర్దేస్తుంది. పైథాన్ తప్పు కాదు, జావాలో చేసినా అంతే. చివరికి డబ్బంతా పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టి సరిచేశాను.

అయినా నా సలహా మారదు. పైథాన్‌తో మొదలుపెట్టు, అవసరం వచ్చినప్పుడు కిందికి దిగు.

ఆటోనగర్_బోర్డులు

అమ్మా, నేను విజయవాడ ఆటోనగర్‌లో వ్యవసాయ మోటార్ల స్టార్టర్ బోర్డులు చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. డిప్లొమా చదివాను. నీలాగే కిట్ మీద నంబర్లు నొక్కినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదువు.

పై తమ్ముడు చెప్పింది షాపు బిల్లుకి సరే. కానీ నీ పెట్టెలో సగం పని షాపు బిల్లు లాంటిది కాదు.

మా ఊళ్లలో కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మోటారు తనంతట తనే స్టార్ట్ అవ్వాలి. రైతు అర్ధరాత్రి పొలానికి వెళ్లక్కర్లేకుండా. కానీ కరెంటు వచ్చిన క్షణంలోనే అవ్వకూడదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజీ పడిపోతుంది. అందుకని ఒక్కో రైతూ ఒక్కో డిలే పెట్టుకుంటాడు, రెండు నిమిషాలని ఒకరు, నాలుగని ఒకరు. పైగా మూడు ఫేజుల్లో ఒకటి లేకపోతే స్టార్ట్ కానివ్వకూడదు, వైండింగ్ కాలిపోతుంది. నా బోర్డు చేసే పని ఇంతే. మొదట్లో 89సీ51 చిప్ వాడాను. ప్రోగ్రామ్‌కి 4 కేబీ, పని చేసుకోవడానికి 128 బైట్లు. నువ్వు ఇప్పుడు రాసిన ప్రశ్న కూడా ఆ 128 బైట్లలో పట్టదు.

మొదటి ప్రోగ్రామ్ అసెంబ్లీలోనే రాశాను. నిమిషాలను 60తో గుణించి సెకన్లు చేయాలి. 8051లో గుణకారం ఇన్‌స్ట్రక్షన్ చేస్తే జవాబు రెండు చోట్లకు వస్తుంది. కింది బైట్ 'ఏ' (A) అనే రిజిస్టర్‌లో, పై బైట్ 'బీ' (B) అనే రిజిస్టర్‌లో. ఎదురుగా బీ కనపడుతుంది కాబట్టి దాన్ని ఏం చేయాలో ఆలోచించక తప్పలేదు. రెండు బైట్లూ దాచాను. ఆ బోర్డులు ఏళ్ల తరబడి నడిచాయి.

తర్వాత ఆర్డర్లు పెరిగాయి. ఒకరికి డిస్‌ప్లే కావాలి, ఒకరికి ఫోన్‌తో స్టార్ట్ చేసేది కావాలి. అసెంబ్లీలో ఒక చిన్న మార్పుకి మూడు రోజులు పట్టేది. ఆర్నెల్ల కింద నేను రాసిన కోడ్ నాకే అర్థమయ్యేది కాదు. అప్పుడు సీ భాషకి మారాను. సుఖం అంటే ఏంటో తెలిసింది. నిమిషాలు ఇంటూ అరవై అని రాస్తే చాలు, ఏ రిజిస్టర్ అన్నది కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని యంత్రం నంబర్లుగా మార్చే ప్రోగ్రామ్) చూసుకుంటుంది. చిప్ చిన్నది కదా, మెమరీ మిగుల్చుదామని సెకన్ల లెక్కకి ఒక్క బైట్ ఉండే రకం ఇచ్చాను. ఒక నిమిషం పెట్టి చూశాను, రెండు పెట్టి చూశాను, నాలుగు పెట్టి చూశాను. బాగుంది. బోర్డులు పంపేశాను.

తెనాలి వైపు ఒక రైతు ఐదు నిమిషాలు పెట్టుకున్నాడు. ఐదు అరవైలు 300. ఒక్క బైట్‌లో 255 వరకే పడుతుంది. 256 దగ్గర మళ్లీ సున్నా నుంచి మొదలు. 300 లోంచి 256 తీసేస్తే 44. కరెంటు వచ్చిన 44 సెకన్లకే మోటారు లేచింది. వోల్టేజీ ఇంకా నిలబడలేదు. మోటారు ఎక్కువ కరెంటు లాగి ఓవర్‌లోడ్ రిలే కొట్టేసింది. మోటారు కాలలేదు, అది అదృష్టం. కానీ ఆ రాత్రి కరెంటు ఉన్న గంటలన్నీ పొలానికి చుక్క నీరు పారలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బోర్డు విప్పి సంచీలో పెట్టుకుని బస్సెక్కి షాపుకి వచ్చి, "ఇది ఐదంటే వినట్లేదు బాబూ" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగా ఉంటుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. పైథాన్‌లో అయితే 300 అంటే 300. ఎంత చోటు కావాలో అదే చూసుకుంటుంది, ఈ తప్పు పుట్టదు. అసెంబ్లీలో బీ రిజిస్టర్ నా ఎదురుగా ఉంది, అందుకని తప్పు చేయలేదు. సీ ఈ రెంటికీ మధ్యలో ఉంది. గుణకారం నా బదులు అది చేసింది, కానీ జవాబు ఎంత చోటులో పెట్టాలో నిర్ణయం నాకే వదిలేసింది. నేను దాన్ని పట్టించుకోలేదు. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. నాకు తెలిసినంతలో భాషల మధ్య అసలు తేడా ఇదే: ఏ లెక్క నువ్వు చూడాలి, ఏ లెక్క నీ బదులు ఇంకొకరు చూస్తారు.

మన కాలవల మీద పనే తీసుకో. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలితే కాలవల్లో పడి డెల్టా చివరిదాకా పోతాయి. చివరి ఆయకట్టు రైతు "నా చేలోకి నీళ్లు రావాలి" అంటాడు. మధ్యలో లస్కరు షట్టరు ఎన్ని చుట్లు తిప్పాలో చూసుకుంటాడు. బ్యారేజీ మీద గేట్లు 70 ఉన్నాయని రైతు తెలుసుకోనక్కర్లేదు. కానీ నీళ్లు రానిరోజు కాలవ గట్టు వెంట పైదాకా నడిచి ఎక్కడ ఆగిందో చూసి రాగలిగిన రైతు చేను ఎండదు. నువ్వు కిట్ మీద నొక్కిన నాలుగు నంబర్లు ఆ గట్టు మీద నడక లాంటివి. ఒక్కటి కూడా వృథా కాదు.

సెన్సర్ సంగతి. డీహెచ్‌టీ22 ఒకే వైరు మీద 40 బిట్లు పంపుతుంది. ఒక్కో బిట్‌కి ముందు 50 మైక్రోసెకన్లు లైను కిందికి లాగుతుంది. తర్వాత పైకి వదులుతుంది. అలా పైన 26 నుంచి 28 మైక్రోసెకన్లు ఉంటే అది సున్నా, 70 ఉంటే ఒకటి. అంటే నీ ప్రోగ్రామ్ ఆ 28కీ 70కీ మధ్య తేడా పట్టుకోవాలి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న 8051లో ఒక మెషిన్ సైకిల్ (చిప్ ఒక అడుగు వేసే టైమ్) సరిగ్గా 1 మైక్రోసెకను. డీజేఎన్‌జెడ్ (ఒకటి తగ్గించు, సున్నా కాకపోతే మళ్లీ తిరుగు) ఇన్‌స్ట్రక్షన్‌కి రెండు సైకిళ్లు. దాన్ని 250 సార్లు తిప్పితే 500 మైక్రోసెకన్లు, కాగితం మీదే చెప్పేయొచ్చు. ల్యాబ్‌లో మాకు ఈ లెక్క చేయిస్తుంటే అప్పట్లో విసుగొచ్చేది. కానీ ఏ లైనుకి ఎంత టైమ్ పడుతుందో ఇంత కచ్చితంగా తెలిసేది అసెంబ్లీలోనే. పైథాన్‌లో ఒక్కో లైను వెనక ఎంత పని జరుగుతుందో బయటికి కనపడదు. పైగా మధ్యలో అది వాడేసిన మెమరీని ఊడ్చుకోవడానికి ఆగితే మిల్లీసెకన్లు పోతాయి. ఈలోపు సెన్సర్ బిట్లన్నీ పంపేసి ఊరుకుంటుంది. చిప్‌ల మీద నడిచే మైక్రోపైథాన్‌లో కూడా ఈ సెన్సర్ పల్సులు కొలిచే భాగం సీలోనే రాసి ఉంటుంది. పైన పైథాన్ పేరుతో నువ్వు పిలుస్తావు, కింద పని సీ చేస్తుంది.

అలాగని సీలో కూడా టైమ్‌ని గుడ్డిగా నమ్మకు. కొత్త చిప్‌కి మారినప్పుడు డిలే కోసం ఖాళీ లూప్ ఒకటి రాశాను. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా కంపైలర్ చేసే సర్దుబాటు) పెట్టి కంపైల్ చేస్తే డిలే మాయమైంది. ఈ లూప్ వల్ల ఏ ఫలితమూ లేదు, అనవసరం అని కంపైలర్ దాన్ని తీసేసింది. దాని లెక్కలో అది సరే. టైమ్ గడపడమే నాకు కావాల్సిన పని అని దానికి తెలియదు. జీసీసీ అనే ఆ కంపైలర్ ఇచ్చే అసెంబ్లీ లిస్టింగ్ తెరిస్తే ఆ చోట ఏమీ లేదు. అసెంబ్లీ చదవడం వచ్చు కాబట్టి అరగంటలో తేలింది. ఆ లూప్ వేరియబుల్‌కి వొలటైల్ (దీన్ని తీసేయకు అని కంపైలర్‌కి చెప్పే మాట) అని చేరిస్తే లూప్ మిగిలింది. తర్వాత దాన్నీ తీసేసి టైమర్ వాడుతున్నాను.

కాబట్టి నా సలహా: ఊనో మీద సెన్సర్ చదివే ముక్క సీలో నువ్వే రాయి. లైబ్రరీ ఉంది, అయినా ఒక్కసారి నువ్వే రాయి. టెంపరేచర్ల రిజిస్టర్ రాసుకోవడం, చాంబర్ల వారీగా గ్రాఫులు గీయడం ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో చేయి. నేను కూడా బోర్డులు పరీక్షించేటప్పుడు వచ్చే రీడింగులన్నీ పైథాన్‌తోనే సర్దుకుంటాను. దానికి అసెంబ్లీ వాడమని ఎవరైనా అంటే నేనే వద్దంటాను.

ఎర్రమిర్చి

చాలా థ్యాంక్స్ అంకుల్. 300 నుంచి 44 లెక్క కాగితం మీద వేసి చూసుకున్నాను. ఇన్నాళ్లూ ఓవర్‌ఫ్లో అంటే పరీక్షలో రెండు మార్కుల డెఫినిషన్ అనుకున్నాను.

అన్నయ్యా, పైసల సంగతి మా ఫ్రెండ్‌కి చూపించాను. తన ఫోన్‌లో కూడా అదే అంకె వచ్చింది. తను కూడా ఆశ్చర్యపోయింది.

ఒక్క సందేహం. సీని మా పుస్తకంలో హై లెవెల్ భాషల జాబితాలో పెట్టారు. అంకుల్ మాత్రం మధ్యలో ఉంది అన్నారు. ఏది రాయాలి?

పటమట_మాస్టారు

అమ్మా, నేను పాలిటెక్నిక్‌లో ఈ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యాను. పరీక్షలో హై లెవెల్ అనే రాయి. మార్కులు వస్తాయి. కానీ ఈ మాటలకి కాలంతో పాటు అర్థం మారిందని తెలుసుకుంటే ఈ తికమక ఉండదు.

1950ల మొదట్లో ప్రోగ్రామ్ అంటే యంత్రం నంబర్లు, లేదా వాటికి పెట్టుకున్న పొట్టి పేర్లు. 1952లో గ్రేస్ హాపర్ ఏ-0 అనే వ్యవస్థను నడిపించారు. ముందే రాసి పెట్టుకున్న ముక్కలను కంప్యూటరే ఏరి ఒక ప్రోగ్రామ్‌గా చేర్చడం అందులో సంగతి. 1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం 704 కంప్యూటర్ కోసం ఫోర్‌ట్రాన్ తెచ్చింది. సూత్రాన్ని సూత్రంలాగే రాయొచ్చు. అప్పటి ప్రోగ్రామర్లు చాలామంది దీన్ని నమ్మలేదు. మనిషి చేత్తో రాసినంత వేగంగా నడిచే కోడ్‌ని యంత్రం ఎలా తయారు చేస్తుంది అన్నది వాళ్ల అనుమానం. అందుకే ఆ బృందం తమ కష్టంలో ఎక్కువ భాగం కంపైలర్ ఇచ్చే కోడ్ వేగంగా ఉండడం మీదే పెట్టింది. ఆటోనగర్ తమ్ముడి డిలే లూప్‌ని మింగేసిన ఆప్టిమైజేషన్‌కి మూలం అక్కడే ఉంది.

1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ తయారు చేశారు. 1973లో యూనిక్స్‌ని అసెంబ్లీ నుంచి సీలోకి తిరగరాశారు. అసెంబ్లీ ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో రకం. నీ 8051లో 74 అంటే ఒక అర్థం, ఊనో మీద ఉన్న చిప్‌కి ఆ అంకెకి ఆ అర్థం లేదు. సీలో రాస్తే ఆ ప్రాసెసర్‌కి కంపైలర్ ఉంటే చాలు. ఆ రోజుల్లో అసెంబ్లీ పక్కన పెట్టి చూస్తే సీ హై లెవెలే. పుస్తకాల్లోకి ఆ మాటే ఎక్కింది. తర్వాత 1991లో పైథాన్, 1995లో జావా వచ్చాయి. మెమరీ అడ్రసుల గొడవ అసలు లేదు. ఇప్పుడు వాటి పక్కన పెట్టి చూస్తే సీ కిందే కనపడుతుంది. సీ మారలేదు, పక్కన నిలబడ్డవాళ్లు మారారు.

బ్రాడీపేట బాబుకి ఒక సవరణ. హై లెవెల్ అయితే అంకెల భయం లేదన్నది పైథాన్‌కి నిజం, అన్నిటికీ కాదు. జావాలో మామూలు పూర్ణాంకానికి 32 బిట్లే. 2147483647కి ఒకటి కలిపితే మైనస్ 2147483648 అవుతుంది, తప్పు అని కూడా చెప్పదు. ఏ భాష ఏ లెక్క తన మీద వేసుకుందో విడివిడిగా చూసుకోవాల్సిందే.

అసెంబ్లీలో బీ రిజిస్టర్ ఎదురుగా కనపడడం వల్ల తప్పు జరగలేదని తమ్ముడు రాశాడు. నిజమే. కానీ కనపడనివి కూడా ఉంటాయి. రీసెట్ అవగానే 8051 స్టాక్ పాయింటర్ (విలువలు తాత్కాలికంగా దాచే చోటు ఎక్కడుందో చూపేది) 07 దగ్గర ఉంటుంది. మొదటి పుష్ (అక్కడ ఒక విలువ దాచడం) 08లోకి పోతుంది. ఆ 08 రెండో రిజిస్టర్ బ్యాంక్‌లో (రిజిస్టర్ల గుంపు) మొదటి రిజిస్టర్. ఎంతమంది పిల్లలు రెండో బ్యాంక్ వాడి, కాల్ ఇన్‌స్ట్రక్షన్ వేశాక తమ విలువలు ఎవరు చెరిపారో తెలియక కళ్లనీళ్లు పెట్టుకున్నారో నాకు తెలుసు. మొదటి లైనులోనే స్టాక్ పాయింటర్‌ని పైకి జరపమ్మా. ల్యాబ్ ఎగ్జామ్‌లో పనికొస్తుంది.

బ్రాడీపేట_కోడర్

మాస్టారూ, జావా సంగతి ఒప్పుకుంటున్నాను. నేను వాడేది పైథాన్ కాబట్టి అలా రాసేశాను.

చెల్లీ, అంకుల్ చెప్పిన మైక్రోసెకన్ల విషయం నాకు తట్టలేదు. నా పనిలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా ఎవరికీ తెలియదు. సెన్సర్ ముక్క ఆయన చెప్పినట్టే చేయి. ల్యాప్‌టాప్ వైపు పైథాన్‌లో సాయం కావాలంటే అడుగు, సీరియల్ పోర్టు నుంచి చదివి ఫైల్‌లో రాసే ముక్క నేను రాసి చూపిస్తాను.

ఎర్రమిర్చి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పెట్టె పని చేస్తోంది. కానీ మధ్యలో ఒకటి జరిగింది, అది ఇక్కడే చెప్పాలి.

సెన్సర్ చదివే ముక్క సీలో నేనే రాశాను. మొదటి మూడు రోజులు ఏమీ రాలేదు, పల్సులు దాటిపోయేవి. నాలుగో రోజు రాత్రి మొదటిసారి 40 బిట్లు వచ్చాయి, చివరి చెక్‌సమ్ (బిట్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసే లెక్క) కూడా సరిపోయింది. మా అమ్మని లేపి మరీ చూపించాను. ఫ్రిజ్‌లో పెట్టి చూస్తే 6.5 చూపించింది. లోపల పెట్టిన థర్మామీటర్ కూడా దాదాపు అంతే. ఇంక అయిపోయింది అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం హాల్లో టేబుల్ మీద పెట్టాను. 12.8 అని చూపిస్తోంది. గుంటూరులో, మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్ కింద కూడా చెమట కారుతుంటే 12.8! సెన్సర్ పాడైందనుకుని షాపుకి వెళ్లి మార్చుకుందామని చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దగ్గర గోడ మీద థర్మామీటర్ చూస్తే 38 దాటి ఉంది. ఆ రెండింటికీ మధ్య తేడా దాదాపు 25.6. ఆ అంకె చూడగానే ఆగిపోయాను. 25.6ని పదితో గుణిస్తే 256.

డీహెచ్‌టీ22 టెంపరేచర్‌ని పది రెట్లు చేసి రెండు బైట్లలో పంపుతుంది. 38.4 అంటే 384. నేను రెండు బైట్లూ సరిగ్గానే చదివి, కలిపి దాచే చోట బైట్ అనే రకం ఇచ్చాను. 384లో 256 పోతే 128, అంటే 12.8. ఫ్రిజ్‌లో 65 కాబట్టి ఒక్క బైట్‌లో పట్టింది, తప్పు బయటపడలేదు. అంకుల్, మీ నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు సరిగ్గా ఇదే కదా. మీ పోస్టు చదివి, కాగితం మీద లెక్క వేసుకుని కూడా నేను అదే చేశాను.

మీరు చెప్పినట్టు లిస్టింగ్ తెరిచి చూశాను. ఊనో చిప్ ఇన్‌స్ట్రక్షన్లు 8051వి కావు కాబట్టి పేర్లు కొత్త, కానీ వరస అర్థమైంది. పై బైట్‌ని కంపైలర్ ఎక్కడా వాడనే లేదు. రకం మార్చి మళ్లీ కంపైల్ చేస్తే రెండు రిజిస్టర్లు జతగా వచ్చాయి. కిట్ మీద ఆ నంబర్లు నొక్కి ఉండకపోతే ఆ పేజీ నాకు గీతల్లా కనపడేది.

నిన్న రాత్రి నాన్నతో పాటు వెళ్లి ఒక చాంబర్‌లో పెట్టి వచ్చాం. మేనేజర్ గారు ఒప్పుకున్నారు, కానీ నెల రోజులు రిజిస్టర్ కూడా రాయాలి, రెండూ సరిపోల్చాలి అన్నారు. నాన్న ఒక్కో గంటా తను రాసిన అంకె పక్కన పెట్టె చూపించిన అంకె రాస్తున్నారు.

ఆటోనగర్_బోర్డులు

అమ్మా, చదివి చాలా సంతోషమైంది. 25.6 చూసి ఆగావు చూడు, అది నాకు రైతు వచ్చి చెబితే గానీ తెలియలేదు.

ఒకటి మిగిలి ఉంది. సున్నా కంటే కిందికి పోతే ఆ సెన్సర్ పై బైట్‌లో మొదటి బిట్‌ని ఒకటి చేస్తుంది. అది మైనస్ గుర్తు. మిగతా బిట్లు మామూలు అంకె. నీ కోడ్ దాన్ని చూడకపోతే మైనస్ ఒక డిగ్రీ కాస్తా మూడువేలు దాటి కనపడుతుంది. మిర్చి చాంబర్ సున్నా కిందికి పోకూడదు, కానీ ఎప్పుడైనా పోతే ఆ రోజే మీ నాన్నగారికి సరైన అంకె కావాలి. సెన్సర్‌ని ఫ్రీజర్‌లో పెట్టి ఒకసారి చూడు. తీశాక తడి ఆరనిచ్చి, తర్వాతే మళ్లీ కరెంటు ఇవ్వు.